జబ్బుతో రోజూ బతికేవాళ్లకు ఊపిరి, ధ్యానం: తరచుగా అడిగే ప్రశ్నలు

తిరుపతిలో మా వీధివాళ్లం కొంతమందిమి సాయంత్రం వంటలు మొదలుపెట్టకముందు ఒకరి మిద్దె మీద చేరి కాసేపు ఊపిరి గమనిస్తూ కూర్చుంటాం. ఒకరికి షుగరు, ఒకరికి నడుంనొప్పి, ఒకరికి ఆయాసం, నాకు రుమటాయిడ్ కీళ్లవాతం. కొత్తగా వచ్చేవాళ్లు దాదాపు ఇవే ప్రశ్నలు అడుగుతారు కాబట్టి అన్నీ ఒకచోట రాసిపెడుతున్నాను. నేను డాక్టర్‌ని కాను, యోగా గురువునూ కాను. డాక్టర్లను అడిగి తెలుసుకున్నవి, చదివినవి, మా అందరికీ పనికొచ్చినవి మాత్రమే ఇక్కడ రాశాను.

ఇది చేస్తే నా జబ్బు నయమవుతుందా?

నయం కాదు. ఆ ఆశతో వచ్చినవాళ్లు నెల తిరక్కముందే నిరాశపడి మానేస్తారు, అందుకే ఈ మాట ముందే చెప్పేస్తాను. మా వైపు చెయ్యి విరిగితే పుత్తూరు కట్టు కట్టించుకుంటారు. కొన్నాళ్లకు కట్టు విప్పుతారు, దాంతో సరి. షుగరుకీ కీళ్లవాతానికీ అలా కట్టు విప్పే రోజంటూ రాదు. కీళ్లవాతంలో మన రోగనిరోధక శక్తే కీళ్ల లోపలి పొర మీద దాడి చేస్తుంది. నెమ్మదిగా ఊపిరి తీసుకున్నంత మాత్రాన ఆ దాడి ఆగదు. దానికి మందులున్నాయి, అవే వాడాలి.

మరి నొప్పే పోనప్పుడు ఎందుకక్కా ఇదంతా?

అందరూ నిలదీసి అడిగే ప్రశ్న ఇదే, అడగాల్సిన ప్రశ్న కూడా ఇదే.

పొద్దున్నే నేను ముగ్గు వెయ్యడానికి వాకిట్లోకి వెళ్తాను. జబ్బు ఎక్కువగా ఉన్న రోజుల్లో బొటనవేలు, చూపుడువేలు కలవవు. పిండి చిటికెలో నిలవదు, గీత తెగిపోతుంది. అక్కడున్న నొప్పి అంతవరకే, రెండు వేళ్ల మధ్య. కానీ ఆ క్షణం నుంచి లోపల వేరే పని మొదలవుతుంది. వంట ఎట్లా? టిఫిన్ బాక్సులు ఎవరు కడతారు? రేపటికి ఇంకా ఎక్కువైతే? అమ్మకు వంకర పోయినట్టు నా వేళ్లు కూడా పోతాయా? ఇలా అనుకుంటూ ఉండగానే భుజాలు పైకి లేస్తాయి, పళ్లు బిగుసుకుంటాయి, ఊపిరి సగంలో ఆగిపోతుంది. బిగిసిన కండరం కీలును ఇంకా లాగుతుంది. ఆ టెన్షన్‌తో రాత్రి నిద్ర ఉండదు, నిద్ర లేని మర్నాడు అదే నొప్పి ఇంకా బరువుగా తోస్తుంది.

రెండు వేళ్ల మధ్య ఉన్న నొప్పిని ఊపిరి ఏమీ చెయ్యలేకపోవచ్చు. దాని చుట్టూ పేరుకున్న బిగింపు, భయం, నిద్రలేమి మాత్రం మన చేతిలో కొంత ఉన్నాయి. నా అనుభవంలో రోజును పాడుచేసేది ఎక్కువగా ఈ రెండో భాగమే. అది తగ్గితే అదే నొప్పితో వంట అవుతుంది, బాక్సులు కడతాం, ముగ్గు చిన్నదైనా పడుతుంది.

సరే, ఎట్లా మొదలుపెట్టాలి?

వీపు ఆనించుకునే కుర్చీలో కూర్చోండి. పాదాలు నేలకు ఆనాలి. ఒక చెయ్యి బొడ్డు మీద పెట్టుకోండి. ముక్కుతో ఊపిరి తీసుకుంటే ఆ చెయ్యి కొద్దిగా ముందుకు రావాలి, వదిలితే వెనక్కి పోవాలి. మనసులో నాలుగు లెక్కపెడుతూ తీసుకోండి, ఆరు లెక్కపెడుతూ వదలండి. మధ్యలో బిగబట్టొద్దు. ఆరు దాకా రాకపోతే తీసుకునేది మూడు, వదిలేది నాలుగు చాలు. వదిలేది తీసుకునేదానికన్నా కాస్త పొడుగ్గా ఉండటమే ముఖ్యం. మొదట్లో ఐదు నిమిషాలు చేస్తే సరిపోతుంది.

ఊపిరి వదిలేటప్పుడు గుండె వేగం కొద్దిగా తగ్గుతుంది, తీసుకునేటప్పుడు కొద్దిగా పెరుగుతుంది. ఇది అందరిలోనూ సహజంగా జరిగేదే. మెదడు నుంచి గుండెకు, పొట్టకు వెళ్లే వేగస్ నాడి దీనికి కారణం. మామూలుగా పెద్దవాళ్లు నిమిషానికి 12 నుంచి 20 సార్లు ఊపిరి తీసుకుంటారు. పైన చెప్పిన లెక్కలో అది నిమిషానికి ఆరు దగ్గరికి వస్తుంది. ఆ వేగంలో గుండె లయ, ఊపిరి లయ బాగా కలుస్తాయి, ఒళ్లు వదులవుతుంది.

నొప్పి తారస్థాయికి చేరాక మొదటిసారి ప్రయత్నించొద్దు. పాలు పొంగకముందే మంట తగ్గించినట్టు, భుజాలు బిగుస్తున్నాయని తెలియగానే మొదలుపెట్టాలి. అందుకే ఒంట్లో బాగున్న రోజున కూడా రోజూ కాసేపు కూర్చోవడం. అలవాటైన ఊపిరి అవసరమొచ్చినప్పుడు తొందరగా దొరుకుతుంది.

నాకు ఛాతీనే కదులుతోంది, పొట్ట కదలడం లేదు.

పడుకుని చెయ్యండి. మోకాళ్లు మడిచి, పొట్ట మీద మడతపెట్టిన తువ్వాలు పెట్టుకుంటే అది పైకి లేవడం కంటికి కనిపిస్తుంది. కొద్ది రోజుల్లో కూర్చుని కూడా వస్తుంది.

పద్మాసనం వెయ్యలేను. మోకాళ్లు సహకరించవు.

అక్కర్లేదు. మా మిద్దె మీద సగం మందిమి ప్లాస్టిక్ కుర్చీల్లోనే కూర్చుంటాం. మంచం మీదున్న మనిషి మంచం మీదే చెయ్యొచ్చు.

చేస్తుంటే తల తిరిగింది, వేళ్ల కొసలు తిమ్మిరెక్కాయి. ఎందుకని?

మరీ లోతుగా, మరీ గబగబా తీసుకుని ఉంటారు. అలా చేస్తే రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గిపోతుంది, మెదడుకు వెళ్లే రక్తనాళాలు ఇరుకవుతాయి. తల తిరగడం, పెదాల చుట్టూ, వేళ్ల దగ్గర తిమ్మిరి దానివల్లే. ఆపేసి, మామూలుగా ఊపిరి తీసుకుంటే కాసేపట్లో సర్దుకుంటుంది. తర్వాతిసారి ఊపిరి చిన్నగా, మెత్తగా ఉండాలి. పక్కన కూర్చున్నవాళ్లకు వినపడకూడదు. సర్దుకోకపోయినా, ఊరికే కూర్చున్నా తల తిరుగుతున్నా డాక్టర్‌కు చూపించుకోవాలి.

టీవీలో చూసి కపాలభాతి, భస్త్రిక చేస్తున్నాను. మంచిదేనా?

ఈ రెండూ వేగంగా, బలంగా చేసే ప్రాణాయామాలు. బీపీ ఎక్కువున్నవాళ్లు, గుండె జబ్బున్నవాళ్లు, గర్భిణులు, మూర్ఛ, హెర్నియా, గ్లకోమా (కంటి నరం దెబ్బతినే జబ్బు) ఉన్నవాళ్లు, ఈమధ్య పొట్ట ఆపరేషన్ అయినవాళ్లు చెయ్యకూడదు. వీళ్లకు ఎక్కువసేపు కుంభకం పట్టడం, అంటే ఊపిరి బిగబట్టడం, కూడా మంచిది కాదు. జబ్బుతో ఉన్నవాళ్లకు మెల్లగా వదిలే ఊపిరే చాలు. తుమ్మెద ఝంకారంలా గొంతులో మెల్లగా పలికే భ్రామరి కూడా మాలో చాలామందికి నచ్చింది. దానివల్ల ఊపిరి వదలడం దానంతటదే పొడుగవుతుంది.

మనసు ఒక్క క్షణం నిలవడం లేదు. నాకు ధ్యానం రాదేమో?

ఎవరికీ నిలవదు. కళ్లు మూసుకోగానే కరెంటు బిల్లు, పాప ఫీజు, కోడలి మాట అన్నీ వస్తాయి. వచ్చాయని గమనించి, విసుక్కోకుండా ఊపిరి దగ్గరికి తిరిగిరావడమే ధ్యానం. పదిసార్లు పోతే పదిసార్లు తిరిగొస్తాం. ఆ తిరిగిరావడం అలవాటైతే, అర్ధరాత్రి భయం వేసినప్పుడు కూడా అలాగే వెనక్కి రాగలుగుతాం. ఆలోచనలే లేని స్థితి కోసం ఎదురుచూస్తే మాత్రం ఎప్పటికీ కుదరదు.

నొప్పి ఉన్నచోటే మనసు పెట్టమంటున్నారు. పెడితే ఇంకా ఎక్కువవుతోంది!

మొదట్లో ఆ పని చెయ్యొద్దు. పాదాల నుంచి తల దాకా ఒక్కో భాగాన్నే గమనిస్తూ వచ్చే పద్ధతి ఒకటుంది, శవాసనంలో నేర్పుతుంటారు. అందులో నొప్పి ఉన్న కీలు దగ్గరికి రాగానే చాలామంది బిగుసుకుపోతారు. అప్పుడు నొప్పి లేని చోటు ఒకటి వెతుక్కోండి. చెవి తమ్మె, ముక్కు కొన, అరికాలు ఏదైనా సరే. కాసేపు అక్కడే ఉండండి. కుదురుకున్నాక నొప్పి అంచు దాకా వెళ్లి చూడండి. మంటా, పోటా, లాగుతోందా, కదులుతోందా, ఒక్కచోటే ఉందా అని చూడండి. ఎక్కువైతే మళ్లీ అరికాలికి వచ్చేయండి. ఇలా వెళ్లొస్తుంటే నొప్పి ఒక్కటే పెద్ద ముద్దలా కాకుండా, పెరుగుతూ తగ్గుతూ ఉండేదిగా తెలుస్తుంది. నాకు ఇది పట్టుబడటానికి చాలాకాలం పట్టింది, కానీ అన్నిటికన్నా ఎక్కువ ఉపయోగపడింది కూడా ఇదే.

కళ్లు మూసుకుంటే పాత భయాలు, పాత దెబ్బలు మీదకొచ్చి ఊపిరాడనట్టు అయ్యేవాళ్లు ఉంటారు. వాళ్లు కళ్లు తెరిచే ఉంచాలి, ఒంటరిగా చెయ్యకూడదు. అయినా తగ్గకపోతే ఆపేసి మానసిక వైద్యుల్ని కలవాలి. లేని మాటలు వినపడటం లాంటి మానసిక సమస్యలకు మందులు వాడుతున్నవాళ్లు, డాక్టర్‌ని అడక్కుండా రోజుల తరబడి మౌనంగా సాగే శిబిరాలకు వెళ్లొద్దు.

దీనికి సైన్సు ఉందా, లేక అంతా నమ్మకమేనా?

ఉంది, అయితే దాని హద్దులూ తెలుసుకోవాలి. అమెరికాలోని మసాచుసెట్స్ యూనివర్సిటీ వైద్య కళాశాలలో జాన్ కబాట్-జిన్ 1979లో దీర్ఘకాలిక జబ్బులున్నవాళ్ల కోసం ఎనిమిది వారాల ధ్యాన శిక్షణ మొదలుపెట్టారు. మందులతో ఇక ఎక్కువ తేడా కనపడని రోగులను డాక్టర్లు ఆయన దగ్గరికి పంపేవారు. ఊపిరి గమనించడం, శరీరాన్ని భాగాలుగా గమనించడం, తేలికపాటి యోగా అందులో ఉంటాయి.

ఇదే శిక్షణను దీర్ఘకాలిక నడుంనొప్పి ఉన్న 342 మంది మీద చేసిన పరిశోధనలో పరీక్షించారు. అది 2016లో జామా అనే వైద్య పత్రికలో వచ్చింది. ఆరు నెలల తర్వాత చూస్తే, ధ్యాన శిక్షణ తీసుకున్నవాళ్లలో నూటికి 60 మందికి రోజువారీ పనులు చేసుకోవడం చెప్పుకోదగ్గంత మెరుగైంది. మామూలు వైద్యం మాత్రమే కొనసాగించినవాళ్లలో అది 44 మంది. ఆలోచనల తీరు మార్చుకునే కౌన్సెలింగ్ తీసుకున్నవాళ్లకూ ధ్యానంతో దాదాపు సమానంగా మేలు జరిగింది. ఈ చివరి మాటను ధ్యానం గురించి గొప్పగా చెప్పేవాళ్లు వదిలేస్తుంటారు. ధ్యానం పడనివాళ్లకు వేరే దారులూ ఉన్నాయని దానర్థం. మందులు మానేసి ధ్యానం చేయమని ఈ పరిశోధనల్లో ఎవరూ చెప్పలేదు.

మంత్రం చదవాలా? మేం క్రిస్టియన్లం, మాకు పనికొస్తుందా?

మా దగ్గర గోవింద నామం చెప్పుకునేవాళ్లు ఉన్నారు, జపమాల తిప్పేవాళ్లు ఉన్నారు, ఏమీ అనకుండా అంకెలు లెక్కపెట్టేవాళ్లూ ఉన్నారు. 2001లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఒక పరిశోధన వచ్చింది. కేథలిక్కులు జపమాలతో లాటిన్‌లో చేసే మరియమ్మ ప్రార్థనను, ఒక యోగ మంత్రాన్ని పక్కపక్కన పెట్టి చూశారు. రెండిటిలోనూ ఊపిరి నిమిషానికి దాదాపు ఆరుకి దిగింది. మీకు చిన్నప్పటి నుంచి అలవాటైన ప్రార్థననే తొందరలేకుండా ఒక్కో శ్వాసకు ఒక్కో వాక్యంగా చెప్పుకోండి. దువా చేసుకునేవాళ్లకూ ఇదే మాట.

బాగుంటోంది కదా, మాత్రలు ఆపేయొచ్చా?

వద్దు. దయచేసి వద్దు. మాకు తెలిసిన ఒకాయన ఒక శిబిరంలో చెప్పిన మాట నమ్మి బీపీ మాత్రలు మానేసి, పక్షవాతంతో మంచం పట్టాడు. ఆ శిబిరం వాళ్లు తర్వాత కనీసం చూడ్డానికి కూడా రాలేదు. ఆయన భార్య ముఖం తలుచుకుంటే నాకు ఇప్పటికీ కోపం వస్తుంది.

బీపీ, షుగరు పెరిగినా చాలాసార్లు ఒంటికి తెలియదు. మనసు ప్రశాంతంగా ఉన్నంత మాత్రాన అవి అదుపులో ఉన్నట్టు కాదు. కీళ్లవాతానికీ ఆయాసానికీ కొందరు స్టెరాయిడ్ మాత్రలు ఎక్కువకాలం వాడుతుంటారు. అవి వాడుతున్నప్పుడు ఒంట్లో సహజంగా తయారయ్యే స్టెరాయిడ్ తగ్గిపోతుంది. ఒక్కసారిగా ఆపితే ప్రాణం మీదకి రావచ్చు. మీకు నిజంగానే బాగుంటే ఇంట్లో బీపీ, షుగరు రీడింగులు రాసిపెట్టుకుని తీసుకెళ్లండి. తగ్గించాలా వద్దా అనేది డాక్టర్ చూసి చెబుతారు.

ఆస్తమా, ఆయాసం ఉన్నవాళ్లు ఎట్లా చెయ్యాలి?

ముక్కుతో రెండు లెక్కపెడుతూ తీసుకుని, పెదాలు ముందుకు చుట్టి నాలుగు లెక్కపెడుతూ మెల్లగా వదలాలి. పొగతాగడం వల్ల, ఏళ్ల తరబడి కట్టెల పొయ్యి పొగ పీల్చడం వల్ల ఊపిరితిత్తులు దెబ్బతిన్నవాళ్లకు ఇది ఎక్కువ ఉపయోగం. పెదాల దగ్గర కాస్త అడ్డు ఉండటంతో గాలి గొట్టాలు తొందరగా మూసుకుపోవు, లోపల చిక్కుకున్న గాలి బయటికొస్తుంది. దుస్తులు ఉతికేటప్పుడు, మెట్లెక్కేటప్పుడు కష్టమైన కదలికను ఊపిరి వదిలేటప్పుడే చెయ్యండి.

ఆస్తమా దాడి వచ్చినప్పుడు ముందు ఇన్‌హేలర్, తర్వాతే ఊపిరి లెక్క. మాట పూర్తిచెయ్యలేనంత ఆయాసం ఉంటే, పెదాలు నీలంగా మారితే వెంటనే ఆసుపత్రికి.

ఎప్పుడు ఊపిరి మీద ఆధారపడకూడదు?

ఛాతీలో బరువు, నొప్పి చేతికో దవడకో పాకడం, ఒక పక్క మూతి జారడం, చెయ్యి పడిపోవడం, మాట ముద్దగా రావడం. వీటికి కూర్చుని కళ్లు మూసుకోవద్దు, 108కి ఫోన్ చెయ్యండి.

షుగరు మందులు వాడేవాళ్లకు ఇంకో మాట. చెమటలు, వణుకు, గుండెదడ వస్తే టెన్షన్ అనుకుని ధ్యానానికి కూర్చోవద్దు. షుగరు పడిపోయినా ఇవే లక్షణాలు. మీటరుతో చూసి 70కి తక్కువుంటే మూడు టీస్పూన్ల చక్కెర నీళ్లలో కలుపుకుని తాగి, 15 నిమిషాలకు మళ్లీ చూసుకోవాలి. మీటరు దగ్గర లేకపోతే ముందు చక్కెర తాగేయండి.

నడిచి కొండెక్కుతానని మొక్కుకున్నాను. ఊపిరి అభ్యాసంతో ఎక్కగలనా?

తిరుపతిలో ఉండి ఈ ప్రశ్న రాకుండా ఉండదు. అలిపిరి దారిలో 3550 మెట్లు, శ్రీవారి మెట్టు దారిలో 2388. శ్రీవారి మెట్టు దారి దగ్గర కదా అని వెళ్తారు కానీ దాని నిటారు మోకాళ్లను వదలదు. అలిపిరిలో గాలిగోపురం దాకా ఉన్న మొదటి భాగమే ఒళ్లు హూనం చేస్తుంది, తర్వాత చాలా దూరం నడకే, మళ్లీ మోకాళ్ల పర్వతం దగ్గర పరీక్ష.

గుండె జబ్బు, ఆస్తమా లాంటివి ఉన్నవాళ్లు నడిచి రావొద్దని టీటీడీయే చెబుతుంటుంది. ఊపిరి అభ్యాసం ఆ హెచ్చరికను రద్దు చెయ్యదు. నడుంనొప్పి, అదుపులో ఉన్న షుగరు లాంటివాటితో, డాక్టర్ సరేనన్నాక ఎక్కేవాళ్లయితే ఎండ ఎక్కకముందే బయల్దేరండి. పక్కవాళ్లతో పూర్తి వాక్యం మాట్లాడగలిగే వేగంలోనే ఎక్కాలి. "గోవిందా" అని దీర్ఘం తీస్తూ పలకలేకపోతున్నారంటే నిలబడాల్సిన సమయం వచ్చిందన్నమాట. మెట్టు అంచున కూర్చుని ఊపిరి కుదుటపడ్డాకే లేవండి. షుగరున్నవాళ్లు బిస్కెట్లు, చక్కెర దగ్గరుంచుకోవాలి, చెప్పుల్లేకుండా ఎక్కితే పైకి వెళ్లాక అరికాళ్లు చూసుకోవాలి. తిమ్మిరి కాళ్లకు బొబ్బ లేచినా తెలియదు. బస్సులో వెళ్లి దర్శనం చేసుకున్నా స్వామి చిన్నచూపు చూడడని మా అత్తమ్మ అంటుంది. నాదీ అదే మాట.

ఆసుపత్రిలో కూర్చుంటేనే గుండె దడదడలాడుతుంది. అక్కడ ఏమైనా చెయ్యొచ్చా?

నా ఉద్దేశంలో అన్నిటికన్నా పనికొచ్చే చోటు అదే. స్విమ్స్‌లో, రుయాలో, బర్డ్‌లో, వేలూరు వెళ్లేవాళ్లకు సీఎంసీలో ఓపీ దగ్గర గంటలు గడుస్తాయి. ఫోన్ చూసుకుంటూ, పక్కవాళ్ల జబ్బుల కథలు వింటూ భయం పెంచుకునే బదులు, వెళ్లి కూర్చోగానే ఊపిరి మొదలుపెట్టండి. బీపీ చూసేముందు ఐదు నిమిషాలు వీపు ఆనించి, పాదాలు నేల మీద పెట్టి, మాట్లాడకుండా కూర్చోవాలి. అరగంట ముందు కాఫీ తాగకూడదు. హడావుడిగా మెట్లెక్కి వచ్చి చెయ్యి చాపితే వచ్చే అంకె మీది కాదు. సూది గుచ్చేటప్పుడు, స్కానింగ్ గొట్టంలో పడుకున్నప్పుడు పొడుగ్గా వదిలే ఊపిరి చాలా సాయం చేస్తుంది.

రాత్రి మూడింటికి మెలకువ వచ్చి నొప్పితో నిద్ర పట్టదు.

గడియారం, ఫోన్ చూడొద్దు. పక్కకు తిరిగి, నొప్పి ఉన్న కీలు కింద దిండు పెట్టి ఊపిరి లెక్కపెట్టండి. నిద్ర రావాలనే పట్టుదల వద్దు. కాసేపటికి కూడా కుదరకపోతే లేచి వేరే గదిలో కూర్చుని, కళ్లు బరువెక్కాక రండి. రోజూ నొప్పే లేపుతుంటే మందు వేళ మార్చాలేమో డాక్టర్‌ని అడగండి.

ఇంట్లోవాళ్లు "ఊరికే కళ్లు మూసుకుని కూర్చుంటావు" అంటారు.

బయటికి కనపడని నొప్పి ఉన్నవాళ్లకు ఈ మాట మామూలే. వాళ్లను ఒక్కరోజు పక్కన కూర్చోబెట్టుకోండి. మా మిద్దె మీదకి భార్యను దించడానికి వచ్చిన ఒకాయన ఇప్పుడు తన బీపీ కోసం రోజూ వస్తున్నాడు.

కానీ ఒంటరితనం, ఏడుపు, ఏ పనిమీదా ఇష్టం లేకపోవడం రెండు వారాలు దాటి ఉంటే అది ధ్యానంతో మాత్రమే తీరేది కాదు. దీర్ఘకాలిక జబ్బున్నవాళ్లలో డిప్రెషన్ ఎక్కువ, దానికి వైద్యం ఉంది. ప్రభుత్వ టెలి మానస్ నంబర్ 14416 ఉచితం, తెలుగులో మాట్లాడతారు. చచ్చిపోవాలనిపిస్తే ఆ రోజే చెయ్యండి, ఇంట్లో ఒకరికైనా చెప్పండి.

ఎన్నాళ్లకు తేడా తెలుస్తుంది?

కూర్చున్నప్పుడు ఒళ్లు వదులవడం మొదటి రోజే తెలియొచ్చు. రోజు మొత్తం మీద మార్పుకి కొన్ని వారాలు పడుతుంది. నొప్పికి ఎన్ని మార్కులు అని రాసుకోవద్దు, నిరుత్సాహం వస్తుంది. ఎంతసేపు నిద్రపోయాను, ఏ పని చేసుకోగలిగాను, ఎవరి మీద విసుక్కున్నాను అని రాసుకోండి. తేడా ముందుగా అక్కడే కనిపిస్తుంది.

నేర్పేవాళ్ల దగ్గరికి వెళ్లాలంటే ఏం చూసుకోవాలి?

మొదటి రోజే మీ జబ్బేమిటి, ఏ మందులు వాడుతున్నారు అని అడిగేవాళ్ల దగ్గర చేరండి. చెయ్యలేనన్న భంగిమకు బదులు ఇంకోటి చూపించాలి. "మందులు అక్కర్లేదు", "గ్యారంటీ" అన్న మాటలు వినపడితే, కట్టిన ఫీజు పోయినా సరే, లేచి వచ్చేయండి.